మూకుడులో నూనె అంటుకున్నప్పుడు చేయి నీళ్ల చెంబు వైపే ఎందుకు వెళ్తుంది?

కృష్ణఒడ్డు (విజయవాడ):
సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతికి రెండు రోజుల ముందు మా వంటింట్లో జరిగిన సంఘటనను ఉన్నదున్నట్టుగా రాస్తున్నాను. తెలిసినవారు తప్పొప్పులు చెప్పగలరు.

చేగోడీలు వేయడానికి పెద్ద మూకుడులో లీటరున్నర వేరుసెనగ నూనె కాచాను. సగం వాయిలు దిగాక హాల్లో ఫోను మోగింది. పొయ్యి తగ్గించే వెళ్లాననుకున్నాను గానీ, నేను తిప్పింది పక్కన పాలు పెట్టిన పొయ్యి నాబ్ అని తర్వాత తెలిసింది. ఫోనులో మాట్లాడింది నాలుగైదు నిమిషాలకు మించదు. ముందు కళ్లు మండించే పొగ వచ్చింది, నేను గుమ్మం దగ్గరకు చేరేసరికి మూకుడు మొత్తం ఒకే మంటగా లేచింది. మా అత్తయ్యగారు అప్పటికే బిందెలో చెంబు ముంచారు. "అత్తయ్యా, నీళ్లు వద్దు!" అని నేను అరిచిన అరుపుకు ఆవిడ చేతిలోని చెంబు కింద పడిపోయింది. మావారు పిండి కలిపిన పెద్ద స్టీలు పళ్లెం తెచ్చి మూకుడు మీద బోర్లించి పొయ్యి కట్టేశారు. మంట ఆరింది.

అక్కడితో అయిపోతే ఇంత రాసేదాన్ని కాదు. రెండు నిమిషాలు ఆగి, నూనె ఎలా ఉందో చూద్దామని నేనే పళ్లెం పక్కకు తీశాను. మరుక్షణం మంట మళ్లీ లేచింది, నా ముంజేతి మీది వెంట్రుకలన్నీ కాలిపోయాయి. పొయ్యి కట్టేసిన తర్వాత కూడా నూనె ఎందుకు అంటుకుంది? నీళ్లు పోయకూడదని నాకెలాగో గుర్తొచ్చింది కానీ, యాభై ఏళ్లుగా వంట చేస్తున్న మా అత్తయ్యగారి చేయి మాత్రం ఆలోచన లేకుండా చెంబు వైపే వెళ్లింది. దీని గురించి కూడా మాట్లాడుకుంటే బాగుంటుందని అనిపించింది.

ఎర్రబండి (రాజమహేంద్రవరం):
నేను అగ్నిమాపక శాఖలో 28 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. మీవారు చేసింది పూర్తిగా సరైన పని, మీరు పళ్లెం తీయడం ఒక్కటే తప్పు.

శుద్ధి చేసిన వేరుసెనగ నూనె సుమారు 230 డిగ్రీల వేడికి పొగలు కక్కుతుంది. ఇంకా కాగి 350 డిగ్రీలు దాటితే అగ్గిపుల్ల చూపించకపోయినా తనంతట తానే అంటుకుంటుంది. పళ్లెం మూసినప్పుడు మంటకు గాలి అందక ఆరుతుంది తప్ప నూనె వేడి తగ్గదు. లీటరున్నర నూనె చల్లారడానికి రెండు నిమిషాలు ఏ మూలకూ చాలవు. పళ్లెం తీయగానే గాలి తగిలింది, వేడి ఎలాగూ ఉంది, మంట మళ్లీ లేచింది. మూత పెట్టాక కనీసం ఒక గంట దాని జోలికి పోకూడదు, మూత మీద చేయి వేసి చూడటం కూడా వద్దు.

నీళ్ల సంగతి చెబుతాను. నీరు నూనె కన్నా బరువైనది కాబట్టి అడుగుకు దిగుతుంది. అక్కడి వేడికి ఒక్కసారిగా ఆవిరిగా మారి దాదాపు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. అలా ఉబ్బిన ఆవిరి మండుతున్న నూనెను తుంపరలుగా చేసి పైకప్పు దాకా ఎగజిమ్ముతుంది. ఒక చెంబు నీళ్లు ఒక మనిషి ఎత్తు మంటను గది ఎత్తు మంటగా మార్చడం నేను శిక్షణలో చాలాసార్లు చూశాను, రెండుసార్లు ఇళ్లలో కూడా చూశాను.

అత్తయ్యగారి విషయంలో ఆశ్చర్యం ఏమీ లేదు. ఆ తరం వారు కట్టెల పొయ్యిల దగ్గర పెరిగారు. కట్టె, గడ్డి, చీర, తాటాకు, వీటిలో ఏది అంటుకున్నా నీళ్లే సరైన మందు. ఆ చేయి నేర్చుకున్న పాఠం తప్పు కాదు, అది నూనెకు వర్తించదంతే. ఇంట్లో మండే వస్తువు మారింది కాబట్టి చేయి కొత్తగా నేర్చుకోవాలి. వేపుడు మొదలుపెట్టే ముందే మూకుడుకు సరిపోయే పళ్లెం పొయ్యి పక్కన పెట్టుకుంటే, భయంలో చేయి వెతుక్కునేది చెంబును కాక ఆ పళ్లేన్ని అవుతుంది.

మరొక మాట. మండుతున్న మూకుడును పట్టుకుని పెరట్లోకి పరుగెత్తవద్దు. అలా వెళ్లేటప్పుడు నూనె తొణికి కాళ్ల మీద పడిన కేసులు, మంట వల్ల కాలిన కేసుల కన్నా నా అనుభవంలో ఎక్కువ. మైదా, సెనగపిండి లాంటివి చల్లినా ప్రమాదమే, పిండి కూడా మండే పదార్థమే కదా.

వేపచెట్టు (ఒంగోలు):
పెద్దలు క్షమించాలి, నాకు ఈ చర్చ కాస్త అతిగా అనిపిస్తోంది. మా నాయనమ్మ కట్టెల పొయ్యి మీద 60 మందికి వండేది. ఏనాడూ ఏ ప్రమాదమూ జరగలేదు. గ్యాసు, ఫోను, గట్టు మీద పది యంత్రాలు వచ్చాకే ఈ భయాలన్నీ వచ్చాయి.

మునిమాపు (తెనాలి):
వేపచెట్టు గారూ, మీ నాయనమ్మగారి జాగ్రత్తకు నమస్కారం. కానీ ఆ కాలంలో ప్రమాదాలు లేవన్న మాట మాత్రం ఒప్పుకోలేను. మా చిన్నతనంలో వేసవి వచ్చిందంటే తాటాకు ఇళ్ల వాడల్లో అందరి గుండెలూ గుప్పిట్లోనే ఉండేవి. పొయ్యిలో నిప్పు పూర్తిగా ఆర్పకుండా ఒకరు కూలికి వెళ్తే, మధ్యాహ్నపు గాలికి ఒక రవ్వ ఎగిరి వరసగా ఇళ్లన్నీ బూడిదయ్యేవి. ఆ తర్వాత పంపు కొట్టే కిరసనాయిలు స్టవ్వుల కాలం వచ్చింది. స్టవ్వు పేలి ఒళ్లు కాలిందన్న వార్త లేని వారం ఉండేది కాదు. మనకు గుర్తున్నది వంట రుచి మాత్రమే.

వేపచెట్టు (ఒంగోలు):
కిరసనాయిలు స్టవ్వు మాట నిజమే. మా మేనత్త మెడ మీద ఆ మచ్చ చివరిదాకా ఉండేది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మియాపూర్‌వాసి (హైదరాబాద్):
నూనె సంగతి తేలింది కాబట్టి గ్యాసు గురించి అడుగుతాను. మా ఫ్లాట్‌లో చెక్క పనితో కొత్తగా వంటగది చేయించుకున్నాం. అందం కోసం సిలిండరును గట్టు కింద తలుపులున్న అరలో పెట్టించాం. గత నెలలో ఒక తెల్లవారుజామున వంటింటి తలుపు తీయగానే కుళ్లిన ఉల్లిపాయ లాంటి వాసన గుప్పుమంది. నేను చేసిన మొదటి పని ఎగ్జాస్ట్ ఫ్యాను స్విచ్చు మీద చేయి వేయడం. వాసన పోవాలంటే ఫ్యాను వేయాలి కదా అన్నదే నా ఆలోచన. వెనక నుంచి మా అమ్మాయి చేయి పట్టుకుని లాగింది, స్కూల్లో చెప్పారట. కిటికీలు తీసి అందరం మెట్ల మీదుగా కిందికి దిగాం. తర్వాత తెలిసిందేమిటంటే, గ్యాస్ ట్యూబు అర తలుపు అంచుకు రోజూ ఒరుసుకుని ఒకచోట చీలిందట.

ఎర్రబండి (రాజమహేంద్రవరం):
మీ అమ్మాయికి నా ఆశీస్సులు. చెంబు కథే ఇక్కడ స్విచ్చు కథగా మారింది, గమనించారా? అలవాటైన చేయి అలవాటైన చోటికే వెళ్తుంది.

వంట గ్యాసుకు సహజంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే పదార్థాన్ని కలుపుతారు, మీకు వచ్చిన వాసన దానిదే. ఈ గ్యాసు గాలి కన్నా బరువైనది, అందుకే పైకి పోకుండా నేల మీద నీళ్లలా పరుచుకుని మూలల్లో నిలుస్తుంది. గాలిలో సుమారు 2 శాతం కలిస్తే చాలు, చిన్న నిప్పురవ్వకు అంటుకోగలదు. స్విచ్చు వేసినా, తీసినా లోపల చిన్న రవ్వ పుడుతుంది. కాబట్టి వెలుగుతున్న కరెంటు దీపాన్ని వెలగనివ్వండి, ఆరి ఉన్నదాన్ని ఆరి ఉండనివ్వండి. ఫ్రిజ్ తలుపు తీయవద్దు, ఫోను బయటికి వెళ్లాకే వాడండి. చేయి అందితే రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తీసి, దేవుడి దీపం వెలుగుతూ ఉంటే ముందే ఆర్పేసి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి. అది గ్యాస్ లీకుల కోసం పగలూ రాత్రీ పనిచేసే నంబరు. మంట కూడా ఉంటే 101 లేదా 112.

తలుపులున్న అరలో సిలిండరు పెట్టడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. పెట్టక తప్పదనుకుంటే అర తలుపుకు కింద, నేలకు ఆనే చోట గాలి ఆడే జాలీ చేయించండి. జాలీ పైన పెడితే ఉపయోగం తక్కువ, బరువైన గ్యాసు కిందే ఉండిపోతుంది. పైపుల ద్వారా వచ్చే సహజవాయువు దీనికి విరుద్ధం, అది తేలికైనది కనుక పైకప్పు దగ్గర చేరుతుంది. ఆ కనెక్షను ఉన్నవారు కిటికీ పైభాగం తెరిచి ఉంచుకోవాలి.

బండబాబు (నిజామాబాద్):
నేను 12 ఏళ్లుగా ఒక గ్యాస్ పంపిణీదారు దగ్గర మెకానిక్‌గా పనిచేస్తున్నాను. ఇళ్లలో నేను రోజూ చూసే పొరపాట్లు కొన్ని చెబుతాను.

మొదటిది ట్యూబు. నారింజ రంగులో ఉండి, లోపల ఉక్కు తీగల అల్లిక ఉన్న సురక్ష ట్యూబునే వాడాలి, దాన్ని కూడా ఐదేళ్లకు ఒకసారి మార్చాలి. కొందరు ట్యూబుకు జిడ్డు అంటకుండా గుడ్డ చుడతారు, కొందరు ప్లాస్టిక్ గొట్టంలోకి దూర్చి దాస్తారు. అప్పుడు చీలిక కంటికి కనబడదు. ట్యూబు మీద లీకు ఉందేమో తెలుసుకోవడానికి సబ్బు నురగ రాసి బుడగలు వస్తాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసిన ఇల్లు ఒకటి నాకు తెలుసు, ఆ ఇంటాయన కనుబొమ్మలు మళ్లీ మొలవడానికి చాలాకాలం పట్టింది.

రెండోది, గ్యాసు అయిపోవస్తున్నప్పుడు సిలిండరును పడుకోబెట్టడం, లేదా వేడినీళ్ల తొట్టిలో నిలబెట్టడం. మా వైపు చలికాలంలో ఇది మామూలే. బండ నిలబడి ఉన్నప్పుడు పైభాగం నుంచి వాయువు మాత్రమే వస్తుంది. పడుకోబెడితే ద్రవం నేరుగా రెగ్యులేటరులోకి వస్తుంది, ఆ ద్రవం ఒక వంతు బయటికొస్తే 250 వంతుల వాయువు అవుతుంది. పొయ్యి దగ్గర మంట అమాంతం మీదికి లేస్తుంది. ఒక పూట వంట కోసం చేసే పని కాదిది.

మూడోది, కొత్త బండ వచ్చినప్పుడు చూడవలసినవి. పూర్తిగా నింపిన బండలో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది, ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది, అనుమానం ఉంటే డెలివరీ కుర్రాడిని తూచమని అడిగే హక్కు మీకుంది. సీలు తీయించి, మూతిలోని నల్లటి రబ్బరు రింగు, అంటే మేము వాచరు అనేది, ఉందో లేదో చూడండి. నేను వెళ్లే లీకు ఫిర్యాదుల్లో చాలావరకు ఆ చిన్న రింగు అరిగిపోవడమో, ఊడిపోవడమో కారణం. ఆ రింగును పిన్నీసుతో కెలకవద్దు.

వానచినుకు (అనంతపురం):
బండబాబు గారూ, సిలిండరు మీద గడువు తేదీ ఉంటుందనీ, ఆ తేదీ దాటితే పేలిపోతుందనీ మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకసారి తిరుగుతూ ఉంటుంది. ఇది ఎంతవరకు నిజం? అలాగే, రాత్రి రెగ్యులేటరు రోజూ కట్టేస్తే అది త్వరగా అరిగిపోతుందని మా వారు అంటారు.

బండబాబు (నిజామాబాద్):
సగం నిజం. బండ పైన చేతితో పట్టుకునే వలయాన్ని మోసే నిలువు పట్టీల లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి వరకు, బి అంటే జూన్ వరకు, సి అంటే సెప్టెంబరు వరకు, డి అంటే డిసెంబరు వరకు, అంకెలు సంవత్సరం. "సి 28" అని ఉంటే 2028 సెప్టెంబరు లోపల ఆ బండను మళ్లీ ఒత్తిడి పరీక్షకు పంపాలని అర్థం. గ్యాసుకు గడువు ఉండదు, ఆ తేదీ రాగానే బండ పేలిపోదు. అయినా గడువు దాటిన బండను ఇంట్లోకి రానివ్వవద్దు, తిప్పి పంపండి.

రెగ్యులేటరు కట్టడానికీ తిప్పడానికీ చేసిన వస్తువే. పొయ్యి నాబ్ కన్నా, ట్యూబు కన్నా అదే గట్టిది. రాత్రి పని అయ్యాక ముందు రెగ్యులేటరు కట్టండి. ట్యూబులో మిగిలినది మండిపోయి మంట ఆరాక పొయ్యి నాబ్ కట్టండి. రాత్రంతా ట్యూబు ఖాళీగా ఉంటుంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. గ్యాసు వల్ల ఇంట్లో ప్రమాదం జరిగితే వినియోగదారుడు విడిగా ప్రీమియం కట్టనక్కరలేని బీమా ఉంది. అయితే పొయ్యి, ట్యూబు, రెగ్యులేటరు ఐఎస్‌ఐ ముద్ర ఉన్నవై ఉండాలి, ప్రమాదం గురించి పంపిణీదారుకు వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలి. వంద రూపాయలు తక్కువని సంతలో కొన్న ట్యూబు అక్కడ అడ్డం వస్తుంది.

తిరగమోత (డాలస్):
అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడ మా సమస్య వేరు. అపార్ట్‌మెంట్లలో వంటగదికి సరైన కిటికీ ఉండదు, ఎగ్జాస్ట్ చాలాచోట్ల పొగను బయటికి పంపకుండా జల్లెడ పట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఎండుమిరపకాయ తిరగమోతలో పడగానే పొగ హెచ్చరిక యంత్రం మోగుతుంది, పక్కింటివారు బయటికి వస్తారు. అందుకని మన పిల్లలు, ముఖ్యంగా నలుగురైదుగురు కలిసి ఉండే విద్యార్థులు, ఆ యంత్రానికి స్నానపు టోపీ తొడుగుతారు, లేదా బ్యాటరీ తీసేస్తారు. నేను కూడా మొదటి ఏడాది తొడిగాను, దాచడం ఎందుకు?

తర్వాత ఒక రాత్రి మా గదిలో ఒక అబ్బాయి అన్నం పొయ్యి మీద పెట్టి చదువుకుంటూ నిద్రపోయాడు. టోపీ తొడిగిన యంత్రం మోగలేదు. గిన్నె మాడి గదంతా పొగ నిండాక దగ్గుతో మెలకువ వచ్చింది. ఇక్కడి జాతీయ అగ్నిరక్షణ సంస్థ లెక్కల ప్రకారం ఇళ్లలో మంటలకు వంటే మొదటి కారణం, ఏడాదిలో వంట మంటలు అత్యధికంగా నమోదయ్యేది నవంబరులో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ రోజున. మన సంక్రాంతి లాంటిదే, ఇంటినిండా జనం, నాలుగు పొయ్యిలూ వెలుగుతూ ఉంటాయి.

విద్యుత్ కాయిల్ పొయ్యి ఉన్నవారు మరొకటి గుర్తుంచుకోవాలి. కట్టేసిన తర్వాత కూడా ఆ చుట్ట చాలాసేపు వేడిగానే ఉంటుంది, ఎరుపు పోయిందని ప్లాస్టిక్ డబ్బా దాని మీద పెట్టి కరిగించుకున్నవారు మాలో ఉన్నారు. యంత్రానికి మౌనంగా ఉంచే బొత్తాం ఉంటుంది, దాన్ని నొక్కితే కొద్దినిమిషాలు ఆగి మళ్లీ తనంతట తానే పనిచేస్తుంది. టోపీ కన్నా అది మేలు.

తెల్లగౌను (కర్నూలు):
నేను కాలిన గాయాల వార్డులో నర్సుగా పనిచేశాను. పండుగ వారంలో మా దగ్గరికి వచ్చేవారిలో మంటల వల్ల కాలినవారు కొందరే. ఎక్కువమంది వేడి ద్రవాలు పడినవారు. గంజి వారుస్తుండగా మూత జారినవారు, పక్కగదిలో నేల మీద పెట్టిన సాంబారు గిన్నెలో కూర్చున్న పసివాళ్లు, అరిసెల పాకం చేతి మీద పడినవారు. బెల్లం పాకం మరిగే నీళ్ల కన్నా వేడిగా ఉంటుంది, పైగా చర్మానికి అంటుకుని వదలదు, అందుకే అది చాలా లోతుగా కాలుస్తుంది. చేగోడీల సంగతి కృష్ణఒడ్డు గారికి తెలిసే ఉంటుంది, లోపల గాలి చిక్కుకున్న చేగోడీ నూనెలో టపాసులా పేలుతుంది. పిండి సరిగా ఉడకనప్పుడు, చుట్ట అతుకు దగ్గర ఖాళీ మిగిలినప్పుడు ఇది ఎక్కువ. మూకుడు మీదికి ముఖం వంచి చూడకండి.

కాలిన వెంటనే చేయవలసింది ఒకటే. కుళాయి కింద, మామూలు చల్లదనం ఉన్న పారే నీటిలో 20 నిమిషాలు ఉంచండి. గడియారం చూసుకోండి, ఎందుకంటే నొప్పి తగ్గగానే రెండు నిమిషాలకే చేయి తీసేస్తారు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. తర్వాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆస్పత్రికి తీసుకురండి. ఒంటికి అంటుకున్న బట్టను లాగవద్దు.

టూత్‌పేస్టు, సిరా, పసుపు, నెయ్యి, దోసెపిండి, ఇవన్నీ పూసుకుని వచ్చినవారిని చూశాను. వాటిని కడిగి తీసేటప్పుడు ఆ మనిషి పడే బాధ, కాలినప్పటి బాధ కన్నా ఎక్కువ. ఐసు కూడా వద్దు, అది కాలిన చర్మాన్ని ఇంకా పాడుచేస్తుంది.

వానచినుకు (అనంతపురం):
పసుపు పురుగులను చంపుతుందని అంటారు కదమ్మా, అది కూడా తప్పేనా?

తెల్లగౌను (కర్నూలు):
కూరలో వేసుకోండమ్మా, కాలిన చోట వద్దు. డాక్టరు గాయం లోతు చూడాలంటే చర్మం రంగు కనబడాలి. పసుపు రాస్తే అంతా ఒకటే రంగు.

చీర కొంగు అంటుకుంటే పరుగెత్తవద్దని కూడా చెప్పనివ్వండి. పరుగు మంటకు విసనకర్ర. ఉన్నచోటే నేల మీద పడుకుని దొర్లాలి, పక్కనున్నవారు మందపాటి నూలు దుప్పటి కప్పాలి. పట్టు, పాలిస్టరు, నైలాన్ బట్టలతో పొయ్యి దగ్గరికి వెళ్లకపోవడం మంచిది, పాలిస్టరు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలు చీర కట్టినా కొంగు నడుముకు దోపుకోండి.

మునిమాపు (తెనాలి):
కుక్కరు గురించి ఎవరూ రాయలేదు. పొట్టు ఉన్న పప్పులు, అటుకులు నురగ పొంగి ఆవిరి గొట్టాన్ని మూసేస్తాయి, కాబట్టి పప్పు సగానికి మించి నింపకూడదు. వెయిట్ పెట్టే ముందు ఆ గొట్టంలో నుంచి వెలుతురు కనబడుతోందో లేదో నేను ప్రతిసారీ ఎత్తి చూస్తాను. సేఫ్టీ వాల్వు ఊడిపోతే అదే కంపెనీది కొనాలి. మా వీధిలో ఒకరు దాని స్థానంలో బోల్టు బిగించి వాడుతున్నారని తెలిసి, ఆ ఇంటికి కాఫీకి వెళ్లడం మానేశాను.

ఎర్రబండి (రాజమహేంద్రవరం):
బోల్టు బిగించినది కుక్కరు కాదు, బాంబు. దయచేసి వెళ్లి చెప్పండి, మానేయడం పరిష్కారం కాదు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు ప్రాణాలర్పించిన సిబ్బంది జ్ఞాపకంగా వాటిని చేస్తారు. ఆ వారంలో మీ కాలనీకి రమ్మని స్థానిక కేంద్రాన్ని అడగండి. సిలిండరు మూతి దగ్గర మంట వెలిగించి, తడిపిన గోనెసంచిని రెండు చేతులతో ముఖానికి అడ్డంగా పట్టుకుని ముందుకు నడిచి, మంటను కప్పి, సంచి కిందుగా చేయి పోనిచ్చి గ్యాసు కట్టేయడం చూపిస్తారు. కట్టేయడమే అందులో ముఖ్యం. గ్యాసు కట్టకుండా మంట మాత్రమే ఆర్పితే కనబడని గ్యాసు గదినిండా చేరి మరో రవ్వ కోసం ఎదురుచూస్తుంది. దగ్గరికి పోలేని మంట అయితే దాన్ని అలాగే మండనిచ్చి, అందరినీ బయటికి పంపి మాకు ఫోను చేయండి. అత్తయ్యగారి చేత కూడా ఒకసారి ఆ సంచి పట్టించండి.

కృష్ణఒడ్డు (విజయవాడ):
అందరికీ ధన్యవాదాలు. మీ సమాధానాలన్నీ మా అత్తయ్యగారికి చదివి వినిపించాను. కట్టెల పొయ్యి మాట దగ్గర ఆవిడ తల ఊపారు. "అయితే నాది తప్పు కాదన్నమాట" అన్నారు. నిన్న అప్పడాలు వేయించేటప్పుడు ఆవిడే ముందుగా పళ్లెం తెచ్చి గట్టు మీద కుడిచేతి వైపు పెట్టారు, నీళ్ల బిందెను మాత్రం వంటింట్లో నుంచి కదపనివ్వలేదు.

బండబాబు గారూ, మీరు రాసింది చదివి మా ట్యూబు చూశాను. అప్పుడెప్పుడో ఇంట్లో ఎవరో గుడ్డ చుట్టారు. విప్పితే లోపల జిడ్డు, దాని కింద సంవత్సరం అంకెలు చెరిగిపోయి ఉన్నాయి. పొయ్యికి తగిలించిన చోట రెండు చిన్న పగుళ్లు కనిపిస్తున్నాయి. ఇంకొంతకాలం వాడవచ్చా?

బండబాబు (నిజామాబాద్):
వాడకండి. ఇప్పుడే రెగ్యులేటరు కట్టేసి బండ నుంచి ఊడదీసి, మూతికి ప్లాస్టిక్ మూత బిగించండి. రేపు మీ పంపిణీదారు దగ్గర కొత్త సురక్ష ట్యూబు తీసుకుని, దాని మీద అచ్చువేసిన నెల, సంవత్సరం చూసుకుని బిగించమనండి. ఈ రాత్రికి ఇండక్షన్ మీద ఉప్మా చేసుకోండి.